బొగ్గింజిను చివరికి ఏమైంది? భద్రపరచిన ఆవిరి ఇంజిన్ల ఆచూకీ తీసే పద్ధతి

డార్జిలింగ్ కొండ రైలులో 19వ నంబరు ఇంజిను ఉండేది. 1889లో గ్లాస్గోలోని షార్ప్ స్టూవర్ట్ కంపెనీ చేసింది, ఫ్యాక్టరీ నంబరు 3518. తర్వాత భారతీయ రైల్వే దానికి 778 అని కొత్త నంబరు వేసింది. 1962లో అది అమెరికాకు అమ్ముడుపోయింది. నలభై ఏళ్లకు అక్కడి నుంచి ఇంగ్లండు చేరింది, ఇప్పుడు అక్కడ మళ్లీ పాత 19 నంబరుతోనే నడుస్తోంది. 19 కోసం వెతికినవాడికి 778 కథ తెలియకపోతే మధ్యలోనే దారి తప్పుతుంది. 778 కోసం డార్జిలింగ్ జాబితాల్లో వెతికినవాడికి 1962 తర్వాత ఏమీ కనిపించదు, "తుక్కు చేశారు" అని రాసేస్తాడు. ఇంజిను మాత్రం నిక్షేపంగా ఉంది.

ఆచూకీ తీయడంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. ఒక ఇంజిను ఎక్కడుందో కనుక్కునే ముందు అది ఏ ఇంజినో తేల్చాలి. ఆ తర్వాత "ఉంది" అనో "లేదు" అనో రాయకుండా "ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా ఆధారంతో కనిపించింది" అని రాయాలి. ఈ మార్గదర్శి అంతా ఈ రెండు పనులను ఎలా చేయాలన్నదే. ఉదాహరణలన్నీ మన దేశపు ఇంజిన్ల నుంచే తీసుకున్నాం.

మొదటి మెట్టు: ఒక్కో ఇంజినుకు ఒక్కో కార్డు

కంప్యూటరులో పెట్టుకున్నా, నోటుపుస్తకంలో రాసుకున్నా ఒక ఇంజినుకు ఒక పేజీ కేటాయించండి. పైన రాయాల్సినవి: క్లాసు (ఇంజిను రకం), గేజి (పట్టాల మధ్య వెడల్పు), చక్రాల అమరిక, తయారీదారు, ఫ్యాక్టరీ నంబరు, తయారైన సంవత్సరం, మొదటి రైల్వే కంపెనీ ఇచ్చిన నంబరు, ఆ తర్వాతి నంబర్లు, పేర్లు. కింద తేదీల వారీగా ఒక్కో సమాచారానికి ఒక్కో వరుస. ప్రతి వరుసలో నాలుగు గళ్లు: తేదీ, స్థలం, స్థితి, ఈ మాట ఎవరు లేదా ఏది చెప్పింది.

నాలుగో గడిని ఖాళీగా వదలకండి. ఏ జాబితాలోనో చదివి ఎక్కించిన వరుసకీ, కళ్లారా చూసి ఎక్కించిన వరుసకీ తేడా రెండేళ్లు గడిస్తే మీకే గుర్తుండదు. ఒక తప్పు జాబితాను ఐదుగురు నకలు చేస్తే అది ఐదు ఆధారాలుగా కనిపిస్తుంది. నిజానికి ఉన్నది ఒక్కటే.

క్లాసు లేకుండా నంబరు రాయొద్దు. ఉత్త "2151" అని రాస్తే అది ఏ గేజి ఇంజినో ఎవరికీ తెలియదు, "వైపీ 2151" అంటేనే అర్థం (వైపీ అంటే మీటరు గేజి ప్రయాణికుల ఇంజిను క్లాసు). పాత రోజుల్లో ప్రతి రైల్వే కంపెనీ తన నంబర్లు తానే వేసుకునేది కాబట్టి, ఒకే నంబరు గల ఇంజిన్లు దేశంలో నాలుగైదు చోట్ల ఉండేవి. 1957లో మొదలైన అఖిల భారత నంబరింగ్‌తో ఈ గందరగోళాన్ని సర్దారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఎన్ క్లాసు గ్యారట్ ఇంజిన్ల (ఒకే బాయిలరుకు ముందూ వెనకా రెండు చక్రాల సెట్లుండే రకం) పాత నంబర్లకు ముందు 38 చేర్చారు, 815 కాస్తా 38815 అయింది. అందరికీ ఇంత సులువుగా కుదరలేదు. చాలా క్లాసులకు పూర్తిగా కొత్త నంబర్లు వచ్చాయి. అందుకే 1957కి ముందు నంబరు, తర్వాత నంబరు విడివిడి గళ్లలో రాయండి.

పేర్లను నమ్ముకోవద్దు. ఒకే ఇంజినుకు కాలక్రమంలో వేర్వేరు పేర్లు పెట్టిన సందర్భాలున్నాయి. కవల ఇంజిన్ల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. ఈస్ట్ ఇండియన్ రైల్వే 21 "ఎక్స్‌ప్రెస్", 22 "ఫెయిరీ క్వీన్" రెండూ 1855లో లీడ్స్‌లోని కిట్సన్, థాంప్సన్ అండ్ హ్యూవిట్సన్ దగ్గర తయారైనవే. 22ను 1997లో మళ్లీ పట్టాలెక్కించారు. 21ని 2010లో చెన్నై పెరంబూరు లోకో వర్క్స్‌లో నడిచే స్థితికి తెచ్చారు. ఫొటో కింద పేరు చూసి కాక, ఫొటోలోని నంబరు చూసి కార్డులో ఎక్కించండి.

రెండో మెట్టు: ఇంజిను ఏ ఇంటి బిడ్డ?

ఇంజిను రికార్డులు దాన్ని నడిపిన రైల్వే దగ్గర ఉంటాయి. ఆ రైల్వే మూడుసార్లు పేరు మార్చుకుంటే రికార్డులూ మూడుచోట్లకు చెదురుతాయి. తెలుగు నేల మీద తిరిగిన ఇంజిన్ల విషయంలో ఈ వంశవృక్షం తప్పకుండా తెలియాలి.

నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేను 1930లో నిజాం ప్రభుత్వం కొనేసింది. 1951 నవంబరు 5న అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అదే ఏడాది ఏప్రిల్ 14న సదరన్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టినప్పుడు సికింద్రాబాద్, సోలాపూర్ డివిజన్లు సెంట్రల్ నుంచీ, విజయవాడ, హుబ్లీ డివిజన్లు సదరన్ నుంచీ వచ్చాయి. 1977లో గుంతకల్లు ఇటు వచ్చింది, సోలాపూర్ తిరిగి సెంట్రల్‌కు పోయింది. అంటే గుంతకల్లు షెడ్డు ఇంజిను 1970లో ఏమైందని అడగాలంటే చెన్నైని అడగాలి, 1980లో ఏమైందంటే సికింద్రాబాద్‌ను అడగాలి.

ఉత్తరాంధ్ర లెక్క వేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1952లో ఈస్టర్న్ రైల్వేలో కలిసింది, 1955లో విడిపోయి సౌత్ ఈస్టర్న్ అయింది, 2003లో వాల్తేరు డివిజన్ ఈస్ట్ కోస్ట్ రైల్వే కిందికి వెళ్లింది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం వరకు నడిచిన పర్లాకిమిడి చిన్న రైలు ఇంజిన్ల కోసం విశాఖలో ఒక్కచోటే అడిగితే సగమే దొరుకుతుంది, కోల్‌కతా, భువనేశ్వర్ కూడా కదపాలి.

నిజాం కాలపు వార్షిక నివేదికల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల కేంద్రానికి (స్టేట్ ఆర్కైవ్స్) వెళ్లాలి. ఇంజిన్ల తయారీ రికార్డుల కోసం విదేశాలకు ఈమెయిలు రాయాల్సిందే. బేయర్ పీకాక్ పత్రాలు మాంచెస్టర్ సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో, నార్త్ బ్రిటిష్‌వి గ్లాస్గోలో, బాల్డ్‌విన్ రిజిస్టర్లలో పెద్ద భాగం డల్లాస్‌లోని డిగోల్యర్ లైబ్రరీలో ఉన్నాయి. "మీ దగ్గర ఏముంది" అని అడిగితే జవాబు ఆలస్యమవుతుంది. ఫ్యాక్టరీ నంబరు, సంవత్సరం రాసి "ఈ ఇంజిను ఎవరికి, ఏ ఆర్డరు మీద పంపారు" అని అడగండి.

మూడో మెట్టు: చేత్తో తడిమి చూడటం

ఇదే ప్రాణమైన మెట్టు, ఇక్కడ తొందరపడకూడదు. స్టేషను ముందు దిమ్మె మీద నిలబెట్టిన ఇంజిను దగ్గరికి వెళ్తే మొదట కనిపించేది క్యాబు పక్కన పెయింటు వేసిన నంబరు. అన్నిటికంటే బలహీనమైన సాక్ష్యం అదే. ఆగస్టు పదిహేనుకో, పెద్ద అధికారి తనిఖీకో రంగులు వేసేటప్పుడు పెయింటరు పాత అంకె మీద రంగు పూసి, గుర్తున్నది రాస్తాడు. 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7 అవుతుంది, రెండంకెలు తారుమారవుతాయి. కొన్నిచోట్ల ఎడమవైపు ఒక నంబరు, కుడివైపు ఒక నంబరు ఉంటుంది. అందుకే రెండువైపులా చూడకుండా వెనక్కి రావొద్దు.

వెంట తీసుకెళ్లాల్సినవి: 5 మీటర్ల స్టీలు టేపు, పక్క నుంచి వెలుగు వేసుకునే టార్చి, పలచని బటర్ పేపరు పది షీట్లు, నల్ల మైనపు క్రేయాన్, పెయింటర్లు వాడే కాగితం టేపు, సుద్దపొడి, పాత నూలుగుడ్డ. వైరు బ్రష్షు, స్క్రూడ్రైవరు వద్దు. మొదటిదాంతో అక్షరాలు అరుగుతాయి, రెండోదాన్ని చూస్తే కాపలావాడికి అనుమానం వస్తుంది.

అనుమతి ముందు తీసుకోండి. స్టేషను ఆవరణలో అయితే స్టేషను మాస్టారుతో మాట్లాడాలి. మ్యూజియంలో అయితే ఉత్తరం ఇవ్వాలి. షెడ్డులోకీ, పట్టాల మీదికీ అనుమతి లేకుండా అడుగుపెట్టడం రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. బాయిలరు చుట్టూ ఉన్న రేకు చిరిగి తెల్లటి దూది లాంటి పదార్థం కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు, ఊదొద్దు. పాత ఇంజిన్లకు వేడి పోకుండా ఆస్‌బెస్టాస్ చుట్టేవారు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. ఫైర్‌బాక్సులో చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి, కందిరీగలూ పాములూ అక్కడే కాపురం ఉంటాయి.

ముందు క్లాసు తేల్చాలి. నంబరు అక్కర్లేకుండానే చాలా వరకు తేలుతుంది. ఒకవైపు పెద్ద చక్రాలు లెక్కపెట్టండి. మీటరు గేజి మీద మూడుంటే చాలాసార్లు వైపీ, నాలుగుంటే వైజీ. వైఎల్‌కు కూడా మూడే, కానీ దాని ముందు చిన్న చక్రం ఒక్కటే ఉంటుంది, వైపీకి రెండుంటాయి. పెద్ద లైను మీద తూటా ముక్కు, దాని మీద నక్షత్రం ఉంటే డబ్ల్యూపీ.

అనుమానం ఉంటే ఇరుసు మధ్య నుంచి టైరు తాకే అంచు వరకు కొలిచి రెట్టింపు చేయండి. కొత్త టైరుతో డబ్ల్యూపీ చక్రం వ్యాసం 1705 మి.మీ., డబ్ల్యూజీ 1562, వైపీ 1372, వైజీ 1219. అరుగుదల వల్ల మీ కొలత తక్కువ రావొచ్చు, ఎక్కువ రాకూడదు. వైజీ అని రాసిన ఇంజినుకు 1330 వచ్చిందంటే మీ టేపు తప్పు కాదు, బోర్డు తప్పు. దిమ్మె కట్టినప్పుడు పట్టాను సిమెంటులో ముంచేస్తారు కాబట్టి నేల నుంచి ఎత్తు కొలిచి లెక్క కట్టొద్దు.

ఇప్పుడు అసలు నంబరు. చక్రాలను తిప్పే కప్లింగ్ రాడ్లు, కనెక్టింగ్ రాడ్డు, సిలిండర్లలోకి ఆవిరిని వదిలే వాల్వ్ గేరు ముక్కల మీద చిటికెన వేలి గోరంత అంకెలు పోటు వేసి ఉంటాయి. వర్కుషాపులో ఇంజిను విప్పినప్పుడు ఏ ముక్క దేనిదో తెలియడానికి వేసినవి. పెయింటు పొరల కింద ఇవి దాదాపు కనపడవు. రాడ్డు చివర, బేరింగు దగ్గరి చదునైన భాగాన్ని గుడ్డతో తుడిచి, టార్చిని ఉపరితలానికి ఆనించినంత పక్కగా పట్టుకోండి. ఎదురుగా వేసిన వెలుగులో మాయమైన అంకె పక్క వెలుగులో నీడ పడి లేస్తుంది. అప్పటికీ తెలియకపోతే సుద్దపొడి వేలితో రుద్ది పైపైన తుడవండి, గీతల్లో తెల్లగా నిలుస్తుంది. ఆపైన బటర్ పేపరు అంటించి క్రేయాన్ అడ్డంగా పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. ఆ కాగితం మీదే తేదీ, స్థలం, ఏ వైపు, ఏ ముక్క అన్నది వెంటనే రాసేయండి. ఇంటికి వచ్చాక పది కాగితాలూ ఒకేలా ఉంటాయి.

ఒక్క రాడ్డు మీది నంబరు చూసి సంబరపడొద్దు. వర్కుషాపులో అవసరాన్ని బట్టి ఒక ఇంజిను రాడ్డు మరొకదానికి తగిలించేవారు. రెండువైపులా కలిపి కనీసం ఆరు ముక్కలు చదవండి. ఐదు ఒకే నంబరు చెప్పి ఒకటి తేడాగా ఉంటే ఆ ఒకటి అప్పు తెచ్చిన ముక్క. మూడు ఒకటి, మూడు మరొకటి చెబితే రెండు ఇంజిన్లను కలిపి ఒకటి చేశారేమోనని చూడాలి. అలాంటప్పుడు ఫ్రేము మీద, ముందు బఫర్ బీమ్ (ఇంజిను ముందుండే అడ్డదూలం) దగ్గర, పోటు వేసిన నంబరుదే తుది మాట. ఇంజిను గుర్తింపు ఫ్రేముతోనే ముడిపడి ఉంటుంది.

బాయిలరుకు సొంత నంబరు, సొంత పుస్తకం ఉంటాయి. ఫ్రేము మరమ్మతు కన్నా బాయిలరు మరమ్మతుకు ఎక్కువ రోజులు పట్టేది, అందుకే సిద్ధంగా ఉన్న మరో బాయిలరు బిగించి ఇంజిన్ను బయటికి పంపేవారు. కాబట్టి బాయిలరు పలక మీది సంవత్సరం ఇంజిను పుట్టిన సంవత్సరం కానక్కర్లేదు. టెండరూ (బొగ్గు, నీళ్లు మోసే వెనక బండి) అంతే.

తయారీదారు పలక ఉంటే అదృష్టమే. 1903లో షార్ప్ స్టూవర్ట్, నీల్సన్ రీడ్, డబ్స్ కలిసి నార్త్ బ్రిటిష్ అయ్యాయి. డైమండ్ ఆకారం పలక అంటే పాత డబ్స్ వారి క్వీన్స్ పార్క్ ఫ్యాక్టరీది, గుండ్రటిది హైడ్ పార్క్‌ది. పలక చుట్టూ పెయింటు పొరలు ఇంజిను మీది పొరలతో కలిసిపోయాయా, మరలు పాతవేనా అని చూడండి. మరలు మెరుస్తుంటే అది నకలు పలకో, వేరేచోట నుంచి తెచ్చిందో కావొచ్చు.

పలకల గురించి ఒక విన్నపం. ఇత్తడి, రాగి ముక్కల కోసం దొంగలు ఈ ఇంజిన్ల మీద పడుతూనే ఉంటారు. సులువుగా ఊడే పలక, విజిలు, గేజి దగ్గరి ఫొటోలను ఊరి పేరుతో సహా అందరికీ చూపించకండి. ఒకసారి పోయిన పలక మళ్లీ రాదు, దానితోపాటే ఆ ఇంజిను పుట్టుకకు దొరికే తేలికైన సాక్ష్యమూ పోతుంది.

నాలుగో మెట్టు: సమాచార హక్కు దరఖాస్తు

ఇంజిను కనిపించకుండా పోయిన సందర్భంలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. సమాచార హక్కు చట్టం 2005 కింద ఆన్‌లైనులోనో, పోస్టులోనో పెట్టొచ్చు. రుసుము 10 రూపాయలు, నకళ్లకు పేజీకి 2 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, సగమే వచ్చినా 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి, తర్వాత 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషనుకు రెండోది. తెలుగు రాష్ట్రాల్లోని కార్యాలయాలకు తెలుగులోనే రాయొచ్చు. పోస్టు దరఖాస్తు 500 పదాలకు, ఆన్‌లైనుది 3000 అక్షరాలకు లోబడి ఉండేలా చూసుకోండి.

దరఖాస్తు విఫలమయ్యేది ప్రశ్న వల్లే. "ఈ ఇంజిన్ను ఎందుకు తీసేశారు?" అని అడిగితే, కారణాలు చెప్పడం సమాచారం కిందికి రాదని తిరగ్గొడతారు. ఉన్న కాగితాన్ని అడగాలి. ఇలా రాస్తే సరిపోతుంది (కండెమ్ చేయడమంటే ఇంజిను ఇక పనికిరాదని తేల్చి తీసేయడం):

"మీ జోన్ ఆధీనంలో వారసత్వ ప్రదర్శనగా ఉన్న ఆవిరి ఇంజిన్ల జాబితా, క్లాసు, నంబరు, స్థలంతో సహా ఇవ్వగలరు. వైపీ ఫలానా నంబరు ఇంజినును కండెమ్ చేసిన ఉత్తర్వు ధ్రువీకృత నకలు ఇవ్వగలరు. ఆ ఇంజినును ఫలానా స్టేషను నుంచి తరలించిన ఉత్తర్వు, చేర్చిన స్థలం తెలిపే పత్రం నకలు ఇవ్వగలరు. విక్రయించి ఉంటే లాటు నంబరు, వేలం తేదీ, డెలివరీ పత్రం నకలు ఇవ్వగలరు."

కండెమ్ చేసే కాగితం మెకానికల్ విభాగానిది, అమ్మకం కాగితం స్టోర్స్ విభాగానిది. ఒక్క విభాగాన్నే అడిగితే "మా వద్ద రికార్డు లేదు" అని నిజాయితీగానే రాస్తారు, పక్క గదిలో ఫైలు ఉంటుంది. రెండు విభాగాల పేర్లూ దరఖాస్తులో రాయండి. వేరే కార్యాలయానికి సంబంధించినదైతే ఆ చట్టం 6(3) సెక్షను కింద 5 రోజుల్లో అక్కడికి పంపాలని ఒక వాక్యం చేర్చండి.

ఐదో మెట్టు: మనుషులు, ఆకాశం, వేలం

బిట్రగుంట, గుంతకల్లు, కాజీపేట, డోర్నకల్ షెడ్లలో పనిచేసిన డ్రైవర్లూ ఫైర్‌మన్లూ ఇప్పుడు పెద్దవాళ్లయిపోయారు, ఈ పని వాయిదా వేయదగింది కాదు. "ఆ ఇంజిను ఏమైందండీ?" అని నేరుగా అడిగితే తెలిసిన కథ చెబుతారు. "మీరు ఏ బండికి పనిచేసేవారు మాస్టారూ? ఆ ఇంజిను ఏ షెడ్డుది? చివరిసారి ఎక్కడ నిలబెట్టారు, ఏ గోడ పక్కన?" అని పనిలోంచి అడిగితే జ్ఞాపకం పనిచేస్తుంది. నంబరు కచ్చితంగా గుర్తుండదు, చివరి రెండంకెలు గుర్తుంటాయి. సంవత్సరం గుర్తుండదు, "మా అమ్మాయి పెళ్లికి ముందు" అని గుర్తుంటుంది. ఆ పెళ్లి ఏడాది రాసుకోండి.

ఉపగ్రహ చిత్రాల్లో పాత తేదీల చిత్రాలు వెనక్కి తిప్పి చూడొచ్చు. టెండరుతో కలిపి డబ్ల్యూపీ దాదాపు 24 మీటర్లు, వైపీ దాదాపు 19 మీటర్లు. స్కేలుతో కొలిస్తే గేజి తేలుతుంది, క్లాసు తేలదు. ఒక చిత్రంలో ఉండి తర్వాతి చిత్రంలో లేకపోతే ఆ రెండు తేదీల మధ్య కదిలిందని మాత్రమే అర్థం. పైన రేకుల కప్పు వేసినా కనపడదు. ఈ మధ్య స్టేషన్ల ముంగిళ్లు తిరగతోడి కడుతున్నారు, 2023 ఆగస్టు 6న ఒక్కరోజే 508 స్టేషన్ల పనులకు శంకుస్థాపన జరిగింది. ఇలాంటి పనుల్లో ఇంజిన్ను పక్కకో, వేరే ఊరికో జరుపుతారు. దిమ్మె ఖాళీగా కనిపిస్తే ముందు అడగాల్సింది కాంట్రాక్టరు సైటు ఇంజినీరును.

రైల్వే తుక్కు ఇప్పుడు ఆన్‌లైను వేలంలో పోతుంది. లాటు వివరణలో ఇంజిను నంబరు ఉండకపోవచ్చు, "కండెమ్ అయిన లోకో, ఇన్ని టన్నులు" అని మాత్రమే ఉంటుంది. డిపో పేరు, తేదీ, బరువు కార్డుతో సరిపోల్చండి.

ఆరో మెట్టు: తీర్పు రాయడం

స్థితికి ఆరు మాటలు చాలు: నడుస్తోంది, ప్రదర్శనలో ఉంది, మరమ్మతులో ఉంది, నిల్వలో ఉంది, తుక్కయింది, ఆచూకీ లేదు. ప్రతిదాని పక్కన తేదీ ఉండాలి. "నడుస్తోంది" అన్న మాటకు ఏడాదికి మించి ఆయుష్షు ఇవ్వకండి. బాయిలరు పరీక్ష గడువు దాటితే నిన్న ఆవిరి చిమ్మిన ఇంజిను ఈరోజు చల్లగా నిలబడుతుంది. "తుక్కయింది" అని రాయాలంటే వేలం పత్రమో, ముక్కలు చేస్తుండగా చూసిన మనిషో, ఫొటోనో ఉండాలి. అవేవీ లేకపోతే "ఆచూకీ లేదు" అనే రాయాలి. ఆ మాట రాయడానికి మనసొప్పదు, పని పూర్తి కానట్టు అనిపిస్తుంది. కానీ ఆ మాట చూసే ఇంకొకరు వెతుకుతారు. "తుక్కయింది" అని చూసినవారు వెతకడం మానేస్తారు.

బెంగాల్ నాగపూర్ ఎన్ క్లాసు గ్యారట్లలో మిగిలినవి 811, 815. ఒకటి ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో, ఇంకొకటి ఖరగ్‌పూర్‌లో. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారు ఈ రెంటినీ అభ్యాసంగా తీసుకోవచ్చు. ఏది ఎక్కడుందో జాబితాలో చూడకుండా ఢిల్లీ వెళ్లి, రెండువైపులా తిరిగి, పెయింటు నంబరు, పలక, రాడ్ల మీది అంకెలు మూడూ విడివిడిగా రాసుకుని కార్డు నింపండి. ఆ తర్వాతే జాబితాలు తెరిచి సరిచూసుకోండి.